సాఫ్ట్‌వేర్ డెవలపర్ టెక్నికల్ ఇంటర్వ్యూకి ఎలా సిద్ధం కావాలి: మొదటి నుంచి చివరి దాకా పూర్తి మార్గదర్శి

పది ప్రాబ్లమ్‌ల సొల్యూషన్లు వరుసగా చదివితే పదీ అర్థమైనట్టే అనిపిస్తుంది. మర్నాడు అందులో ఒకదాన్ని ఖాళీ స్క్రీన్ మీద మొదటి నుంచి రాయమంటే మూడో లైను దగ్గరే చేయి ఆగిపోతుంది. చదివి తల ఊపడం వేరు, మన బుర్రలోంచి తీసి రాయడం వేరు. ఇంటర్వ్యూలో అడిగేది రెండోదాన్ని. అదీ ఎదురుగా ఒక మనిషి చూస్తుండగా, టైమ్ నడుస్తుండగా, మాట్లాడుతూ చేయాలి. నెలల తరబడి కష్టపడినవాళ్లు కూడా మొదటి రౌండ్లోనే ఆగిపోవడం చూస్తుంటాం. వాళ్లకు తెలివి తక్కువై కాదు. సాధన చేసిన పని ఒకటి, అక్కడ అడిగిన పని ఇంకొకటి అవడం వల్ల. ఈ గైడ్ అంతా ఆ రెండు పనులనూ ఒకటి చేయడం గురించే.

1. ఏయే రౌండ్లు ఉంటాయో ముందే కనుక్కోండి

మామూలుగా వరుస ఇలా ఉంటుంది: రెజ్యూమె చూడటం, రిక్రూటర్ ఫోన్, ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్, వీడియో కాల్‌లో ఒకటి రెండు కోడింగ్ రౌండ్లు, అనుభవం ఉన్నవాళ్లకు సిస్టమ్ డిజైన్, చివర్లో మేనేజర్‌తో సంభాషణ. కొన్ని చిన్న కంపెనీలు అల్గారిదమ్‌ల జోలికి వెళ్లకుండా ఇంట్లో చేసుకురమ్మని ఒక చిన్న ప్రాజెక్ట్ ఇస్తాయి. కొన్ని తమ కోడ్‌లోనే ఒక బగ్ చూపించి సరిచేయమంటాయి.

అందుకే రిక్రూటర్ మొదటిసారి ఫోన్ చేసినప్పుడే అడగండి: ఎన్ని రౌండ్లు, ఒక్కోటి ఎంతసేపు, ఏ భాషలో రాయొచ్చు, రాసిన కోడ్ రన్ చేసుకోవచ్చా లేక ఉత్త డాక్యుమెంట్‌లో రాయాలా, సిస్టమ్ డిజైన్ ఉంటుందా. ఇలా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. చాలామంది రిక్రూటర్లు వివరంగా చెబుతారు కూడా. రన్ చేసే వీలు లేదని ముందే తెలిస్తే మీ సాధన తీరే మారిపోతుంది. కంపైలర్ చూపించే తప్పులను అప్పుడు మీ కళ్లే పట్టుకోవాలి.

2. రెజ్యూమెలో ప్రతి లైనూ ఒక ప్రశ్నే

రెజ్యూమె ప్రింట్ తీసి పెన్ను పట్టుకుని కూర్చోండి. ప్రతి లైను పక్కన "ఎందుకు", "ఎలా", "ఇంకోలా చేయొచ్చా" అని మూడు ప్రశ్నలు వేసుకోండి. "రెడిస్ వాడి రెస్పాన్స్ టైమ్ తగ్గించాను" అని రాసి ఉంటే (రెడిస్ అంటే తరచూ కావాల్సిన డేటాను మెమరీలో దాచి వేగంగా ఇచ్చే సాధనం, అలా దాచిందే క్యాష్), ముందు ఎంత ఉండేది, తర్వాత ఎంత అయింది, క్యాష్‌లో ఉన్న పాత డేటా సంగతి ఏం చేశారు, రెడిస్ ఆగిపోతే అప్లికేషన్ ఏమవుతుంది, ఇవన్నీ వస్తాయి. రెండో ప్రశ్నకు కూడా నిలవలేని లైనును తీసేయడమే మంచిది. ట్యుటోరియల్ చూసి ఒక పూట ముట్టుకున్న టెక్నాలజీ పేరు అక్కడ ఉంటే, ఆ టెక్నాలజీని రోజూ వాడే మనిషే మీ ఎదురుగా కూర్చునే అవకాశం ఉంది.

మీరు చేసిన ప్రాజెక్టుల్లో ఒకదాన్ని మాత్రం లోతుగా చెప్పగలిగేలా తయారు చేసుకోండి. దాని బొమ్మ కాగితం మీద గీయగలగాలి: రిక్వెస్ట్ ఎక్కడ మొదలవుతుంది, ఏ సర్వీస్ గుండా వెళ్తుంది, డేటా ఎక్కడ దాచుకుంటారు, అందులో బలహీనమైన భాగం ఏది. బలహీనత అడిగినప్పుడు "ఏమీ లేదు" అనేవాళ్లకంటే, "ఈ టేబుల్ ఇంకా పెరిగితే ఈ క్వెరీ నిలవదు, అప్పుడు ఇలా మారుస్తాను" అనేవాళ్ల మీద ఇంటర్వ్యూయర్‌కి నమ్మకం కుదురుతుంది.

3. ఒక భాషను గట్టిగా పట్టుకోండి

పైథాన్, జావా, సి ప్లస్ ప్లస్, జావాస్క్రిప్ట్, వీటిలో ఏదైనా సరే. ఇంటర్వ్యూ కోసమే కొత్త భాష నేర్చుకోవద్దు. రోజూ రాసే భాషే మంచిది. ఉద్యోగ ప్రకటనలో ఒక భాషను తప్పనిసరి అని రాస్తే మాత్రం వేరే సంగతి.

భాష తెలుసు అంటే దాని లోపలి ఖర్చులు తెలుసని అర్థం. పైథాన్ లిస్ట్‌లో మొదటి ఎలిమెంట్ తీసేస్తే మిగిలినవన్నీ ఒక్కో గడి ముందుకు జరగాలి. అందుకే క్యూ కావాల్సిన చోట డెక్ (రెండు చివర్ల నుంచీ వేగంగా తీయగల, చేర్చగల క్యూ) వాడాలి. అదే పైథాన్‌లో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) లోతుకు మామూలుగా 1000 అనే హద్దు ఉంటుంది. పొడవైన లింక్డ్ లిస్ట్ మీద రికర్షన్ రాస్తే అక్కడ పడిపోతుంది. జావాలో స్ట్రింగ్‌ను లూప్‌లో కలుపుకుంటూ పోతే ప్రతిసారీ కొత్త కాపీ తయారవుతుంది. స్ట్రింగ్‌బిల్డర్ ఉన్నది అందుకే. జావాలోనే 127 విలువ ఉన్న రెండు ఇంటీజర్ ఆబ్జెక్టులను డబుల్ ఈక్వల్స్‌తో పోల్చితే సమానం అంటుంది, 128 ఉంటే కాదంటుంది. మైనస్ 128 నుంచి 127 దాకా విలువలకు జావా ముందే తయారు చేసి ఉంచిన ఆబ్జెక్టునే తిరిగి ఇస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. జావాస్క్రిప్ట్‌లో 10, 9, 1 అనే అర్రేను ఏమీ చెప్పకుండా సార్ట్ చేస్తే 1, 10, 9 వస్తుంది, ఎందుకంటే అది అంకెలను అక్షరాలుగా మార్చి పోల్చుతుంది. ప్రయారిటీ క్యూ తీసుకుంటే జావా, పైథాన్‌లలో చిన్న విలువ ముందు వస్తుంది, సి ప్లస్ ప్లస్‌లో పెద్దది ముందు వస్తుంది.

ఇలాంటివి మీ భాషలో ఒక పేజీ రాసుకోండి. సార్ట్, హ్యాష్ మ్యాప్, సెట్, హీప్, క్యూ, స్ట్రింగ్‌ను ముక్కలు చేయడం, రెండు డైమెన్షన్ల అర్రే తయారు చేయడం, ఇవన్నీ వెతుక్కోకుండా చేతికి రావాలి. అల్గారిదమ్ మొత్తం తెలిసి కూడా సార్ట్ ఫంక్షన్‌కి కంపేరేటర్ ఎలా ఇవ్వాలో గుర్తురాక పది నిమిషాలు పోగొట్టుకోవడం చాలా బాధగా ఉంటుంది.

4. డేటా స్ట్రక్చర్లు, అల్గారిదమ్‌లు: ఏ వరుసలో

అర్రేలు, స్ట్రింగులు, హ్యాష్ మ్యాప్‌తో మొదలుపెట్టండి. తర్వాత టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో, బైనరీ సెర్చ్. ఆ తర్వాత స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్. ట్రీలు వచ్చేసరికి రికర్షన్ మీద పట్టు రావాలి. ట్రీ నిలబడితే గ్రాఫ్ సగం వచ్చినట్టే. గ్రాఫుల్లో బీఎఫ్ఎస్ (దగ్గరివి ముందు చూసే వెతుకులాట), డీఎఫ్ఎస్ (ఒక దారిలో చివరిదాకా వెళ్లే వెతుకులాట), టోపలాజికల్ సార్ట్ ముందు నేర్చుకుని, డైక్‌స్ట్రా (అతి తక్కువ ఖర్చు దారి కనుక్కునే అల్గారిదమ్) తర్వాత చూడండి. డైక్‌స్ట్రా నెగటివ్ వెయిట్లు ఉన్న చోట ఎందుకు తప్పుతుందో చెప్పగలిగితే అది మీకు నిజంగా అర్థమైనట్టు. హీప్, బ్యాక్‌ట్రాకింగ్, చివర్లో డైనమిక్ ప్రోగ్రామింగ్. సెగ్మెంట్ ట్రీ వంటివి కాంపిటీటివ్ ప్రోగ్రామింగ్‌లో ఎక్కువ, ఇంటర్వ్యూల్లో అరుదు. పైవన్నీ గట్టిపడే దాకా వాటి జోలికి వెళ్లకండి.

ప్రశ్నలో ఇచ్చిన ఇన్‌పుట్ పరిమాణాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏ అప్రోచ్ నడుస్తుందో చాలాసార్లు అదే చెప్పేస్తుంది. మోటుగా లెక్కేసుకోవడానికి, సెకనుకు పది కోట్ల చిన్న పనులు జరుగుతాయి అనుకోండి. ఎన్ (ఇన్‌పుట్‌లో ఎలిమెంట్లు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య) 20 లోపు ఉంటే అన్ని సబ్‌సెట్లూ చూసేయొచ్చు; రెండును ఇరవైసార్లు గుణిస్తే పది లక్షలు దాటుతుంది, అంతే. ఎన్ 5,000 అయితే ఎన్ స్క్వేర్ అంటే రెండున్నర కోట్లు, ఫర్వాలేదు. ఎన్ లక్ష అయితే ఎన్ స్క్వేర్ వెయ్యి కోట్లు అవుతుంది, అది నడవదు. ఎన్ లాగ్ ఎన్ అయితే సుమారు 17 లక్షలే, హాయిగా నడుస్తుంది. అంటే లక్ష అని చూడగానే సార్టింగ్, హ్యాష్ మ్యాప్, స్లైడింగ్ విండో, హీప్, బైనరీ సెర్చ్ వైపు ఆలోచన వెళ్లాలి.

బైనరీ సెర్చ్ గురించి ఒక మాట. అందరికీ తెలుసు అనిపిస్తుంది, రాయమంటే తప్పులు దొర్లుతాయి. లూప్ ఆగే షరతు, మధ్య స్థానం తర్వాత ఎడమ హద్దుకు ఒకటి కలపాలా వద్దా, ఇవి రాయనిదే పట్టుబడవు. ఎడమ, కుడి స్థానాలను కూడి రెండుతో భాగించడంలో కూడా ఒక చిక్కుంది: 32 బిట్ల ఇంటీజర్‌లో ఆ మొత్తం 2,147,483,647 దాటితే నెగటివ్ అయిపోతుంది. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయి 2006లో వెలుగులోకి వచ్చింది. కుడి నుంచి ఎడమ తీసేసి, అందులో సగాన్ని ఎడమకు కలిపితే ఆ ప్రమాదం ఉండదు.

5. ఒక ప్రాబ్లమ్ మీద ఎలా కూర్చోవాలి

ఎన్ని ప్రాబ్లమ్‌లు చేశారన్న లెక్కకు విలువ తక్కువ. వందల కొద్దీ చేసి పైపైన వదిలేసినవాళ్లకంటే, తక్కువ చేసి ఒక్కోదాన్నీ చివరికంటా తవ్వినవాళ్లే కొత్త ప్రశ్న ఎదురైనప్పుడు నిలబడతారు. ఇంటర్వ్యూలో మీరు చూసిన ప్రశ్నే రావడం అదృష్టం. చూసిన ప్రశ్న లాంటిది వచ్చినప్పుడు గుర్తుపట్టడం సాధన.

ప్రశ్న చదివాక మొదట ఎడిటర్ తెరవొద్దు. కాగితం మీద ఒక చిన్న ఉదాహరణ తీసుకుని చేత్తో పరిష్కరించండి. మీ చేయి ఏ క్రమంలో కదిలిందో గమనించండి. అల్గారిదమ్ తరచూ అక్కడే దొరుకుతుంది. తర్వాత బ్రూట్ ఫోర్స్ (అన్ని అవకాశాలూ ఒక్కొక్కటిగా చూసే సూటి పద్ధతి) ఏంటో, దానికి ఎంత టైమ్ పడుతుందో పక్కన రాయండి. అందులో ఏ పని పదే పదే చేస్తున్నామో వెతకండి. ఆ మళ్లీ మళ్లీ చేసే పనిని గుర్తుపెట్టుకోవడానికి ఏ డేటా స్ట్రక్చర్ పనికొస్తుంది? ఎక్కువ ఆప్టిమైజేషన్లు ఈ ఒక్క ప్రశ్నలోంచే పుడతాయి.

అరగంట, నలభై నిమిషాలు నిజాయితీగా తన్నుకున్నాక కూడా దారి దొరకకపోతే సొల్యూషన్ చూడండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయితే మొత్తం చదవకుండా మొదటి సూచన దగ్గర ఆగి, మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే మొత్తం చదివి, ఆ పేజీ మూసేసి, ఖాళీ ఫైల్‌లో మీరే రాయండి. మధ్యలో తొంగి చూడాల్సి వస్తే మళ్లీ మొదటి నుంచి రాయండి. ఇది విసుగ్గా ఉంటుంది. అసలు సాధన మాత్రం ఇక్కడే జరుగుతుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని ప్రతి ప్రాబ్లమ్‌కి రెండే లైన్లు రాయండి: దారి చూపించిన గుర్తు ఏంటి, నేను ఎక్కడ తడబడ్డాను. "వరుసగా ఉన్న ముక్కలో అతి పొడవైనది అన్నారు, కాబట్టి స్లైడింగ్ విండో ఆలోచించాలి" అన్నట్టు. నెల తిరిగేసరికి తడబడినవి మూడు నాలుగు రకాలకే చేరతాయి: ఖాళీ ఇన్‌పుట్ మర్చిపోవడం, హద్దు ఒకటి అటూ ఇటూ కావడం, గ్రాఫ్‌లో చూసేసిన చోటుకు విజిటెడ్ గుర్తు ఆలస్యంగా పెట్టడం, ఇలా. మీకు మీరే రాసుకున్న ఆ జాబితాకు మించిన స్టడీ మెటీరియల్ దొరకదు.

చేసిన ప్రాబ్లమ్‌ను మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు వారాలకు ఒకసారి మళ్లీ చేయండి. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే ఎంత వేగంగా జారిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే ప్రచురించాడు. మర్చిపోయే ముందు మళ్లీ తలుచుకుంటే అది నిలుస్తుంది.

6. కోడింగ్ రౌండ్‌లోని నలభై ఐదు నిమిషాలు: ఒక ప్రశ్నతో నడిచి చూద్దాం

ప్రశ్న ఇదనుకోండి: అంకెల అర్రే ఇచ్చారు, అందులో ఏ అంకే రెండోసారి రాని అతి పొడవైన వరుస ముక్క పొడవు చెప్పాలి.

వెంటనే కోడ్ మొదలుపెట్టకండి. ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పి, సందేహాలు అడగండి. ముక్క వరుసగానే ఉండాలా, మధ్యలో వదిలేయొచ్చా? అర్రే ఖాళీగా ఉండొచ్చా? ఉంటే సున్నా ఇవ్వాలా? నెగటివ్ అంకెలు ఉంటాయా? ఎంత పెద్ద అర్రే? ఇందులో కొన్నింటిని ఇంటర్వ్యూయర్ కావాలనే చెప్పకుండా వదిలేస్తారు, మీరు అడుగుతారో లేదో చూడటానికి.

తర్వాత ఉదాహరణ. 3, 1, 4, 1, 5, 9 తీసుకుందాం. 3, 1, 4 దాకా బాగుంది, తర్వాత మళ్లీ 1 వచ్చింది. పాత 1 దాటి అవతల నుంచి మొదలుపెడితే 4, 1, 5, 9. సమాధానం 4.

ఇప్పుడు పైకే అనండి: "ముందు సూటి పద్ధతి చెబుతాను. ప్రతి స్థానం నుంచీ మొదలుపెట్టి, చూసిన అంకెలను సెట్‌లో వేసుకుంటూ, రిపీట్ వచ్చే దాకా వెళ్లొచ్చు. అది ఎన్ స్క్వేర్. మీరు అర్రే లక్ష దాకా ఉంటుందన్నారు కాబట్టి అది చాలదు. రిపీట్ వచ్చినప్పుడు అంతా వదిలేసి కొత్తగా మొదలుపెట్టడమే ఇక్కడ వృథా. ప్రతి అంకె చివరిసారి ఎక్కడ కనిపించిందో హ్యాష్ మ్యాప్‌లో పెట్టుకుంటే, ఎడమ హద్దును నేరుగా దాని పక్కకు జరపొచ్చు. ఒక్కసారి నడిస్తే చాలు." ఇలా చెప్పి ఒక్క క్షణం ఆగండి. "ఈ అప్రోచ్‌తో కోడ్ రాయమంటారా?" అని అడగండి. తప్పు దారిలో ఉంటే ఇంటర్వ్యూయర్ ఇక్కడే చెబుతారు, ఇరవై నిమిషాలు మిగులుతాయి.

కోడ్ రాసేటప్పుడు వేరియబుల్ పేర్లు అర్థమయ్యేలా పెట్టండి. ప్రతి అక్షరాన్నీ వివరించక్కర్లేదు, కానీ ప్రతి నాలుగైదు లైన్లకు ఏం చేస్తున్నారో ఒక మాట చెప్పండి. మౌనంగా ఆలోచించాలనిపిస్తే "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను" అని చెప్పి ఆలోచించండి. ఎవరూ ఏమీ అనుకోరు.

రాయడం అయ్యాక "అయిపోయింది" అనకండి. ఇదే చాలామంది జారిపోయే చోటు. మీరే ఒక ఉదాహరణ తీసుకుని లైను లైనుగా నడిపించండి, అదీ ఇబ్బంది పెట్టే ఉదాహరణ. 1, 2, 2, 1 తీసుకోండి. రెండో 2 దగ్గర ఎడమ హద్దు స్థానం 2కి వస్తుంది, స్థానాలు సున్నా నుంచి లెక్కపెడితే. చివరి 1 దగ్గర మ్యాప్ ఏం చెబుతుంది? పాత 1 స్థానం సున్నాలో ఉందని. దాని పక్కకు, అంటే స్థానం 1కి ఎడమ హద్దు జరిపితే అది వెనక్కి వెళ్లినట్టు! ముక్క 2, 2, 1 అయిపోయి పొడవు 3 అని తప్పు సమాధానం వస్తుంది. సరైనది 2. అందుకే ఎడమ హద్దును ఇప్పుడున్న విలువ, కొత్త విలువ రెంటిలో పెద్దదానికి మార్చాలి. ఈ తప్పును ఇంటర్వ్యూయర్ చూపించకముందే మీరు పట్టుకుంటే, తప్పు చేయకుండా రాసినదానికంటే కూడా అది ఎక్కువ మెచ్చుకోలు తెస్తుంది. రోజూ పనిలో కావాల్సిన గుణం అదే కదా.

చివర్లో టైమ్, మెమరీ ఖర్చులు చెప్పండి: టైమ్ సగటున ఎన్, మెమరీ వేర్వేరు అంకెలు ఎన్ని ఉంటే అంత. హ్యాష్ మ్యాప్ వెతుకులాట సగటున స్థిరమైన సమయం తీసుకుంటుంది, అన్నీ ఒకే బకెట్‌లో (మ్యాప్ లోపలి గడిలో) పడితే నెమ్మదిస్తుంది అని కూడా తెలిసి ఉండాలి. జావా 8 నుంచి హ్యాష్‌మ్యాప్‌లో ఒక బకెట్ బాగా నిండితే అది రెడ్ బ్లాక్ ట్రీగా మారుతుంది, ఆ నెమ్మదిని తగ్గించడానికే.

దారి తోచక ఇరుక్కుపోతే? ఉదాహరణను ఇంకా చిన్నది చేయండి. లేదా ఒక షరతు తీసేసి సులువైన రూపం పరిష్కరించండి. ఇంటర్వ్యూయర్ ఒక సూచన ఇస్తే దాన్ని వదలకండి. వాళ్లు మీరు గెలవాలనే ఇస్తారు. టెన్షన్‌లో చాలామంది ఆ సూచన వినిపించుకోకుండా తమ దారినే వెళ్తారు. ఏమీ తోచకపోయినా బ్రూట్ ఫోర్స్ పూర్తిగా, తప్పుల్లేకుండా రాయండి. పనిచేసే నెమ్మది కోడ్, సగంలో ఆగిన వేగమైన కోడ్ కంటే ఎప్పుడూ నయం.

7. బేసిక్స్: డేటాబేస్, నెట్‌వర్క్, ఆపరేటింగ్ సిస్టమ్

డేటాబేస్‌లో జాయిన్లు, గ్రూప్ బై చేతితో రాయగలగాలి. జీతాల్లో రెండో పెద్దది కనుక్కోమనే ప్రశ్న ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఇద్దరికి ఒకే జీతం ఉంటే ఏంటని మీరే ముందు అడగండి. నల్ (విలువ ఏమీ లేదని చెప్పే గుర్తు) తీరు తెలుసుకోండి: నల్‌ను నల్‌తో పోల్చినా నిజం అని రాదు. నాట్ ఇన్ (ఈ జాబితాలో లేనివి ఇవ్వమనే షరతు) జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఒక్క వరుసా తిరిగి రాదు. ఇండెక్స్ చదవడాన్ని వేగం చేస్తుంది, రాయడాన్ని కొంత నెమ్మది చేస్తుంది. ఊరు, తేదీ అనే వరుసలో ఇండెక్స్ పెడితే తేదీ ఒక్కదానితో వెతికే క్వెరీకి అది పెద్దగా పనికిరాదు. ట్రాన్సాక్షన్ మధ్యలో సర్వర్ ఆగిపోతే ఏమవుతుందో మీ మాటల్లో చెప్పగలగాలి. డబ్బు విలువలను ఫ్లోట్‌లో ఎందుకు దాచకూడదంటే, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది కాబట్టి.

నెట్‌వర్క్ వైపు, బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే ఏం జరుగుతుందో డీఎన్ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) నుంచి పేజీ కనిపించే దాకా చెప్పడం ఒక్కటి బాగా సాధన చేస్తే చాలా వరకు కవర్ అవుతుంది. సర్వర్ పంపే 401, 403 కోడ్‌ల మధ్య తేడా (మొదటిది మీరెవరో తెలియదు, రెండోది తెలుసు కానీ అనుమతి లేదు), పోస్ట్ రిక్వెస్ట్ (సర్వర్‌కు డేటా పంపేది) రెండుసార్లు వెళ్తే ఏమవుతుంది, ఇవి కూడా చూసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రాసెస్‌కి థ్రెడ్‌కి తేడా, డెడ్‌లాక్, రేస్ కండిషన్ చాలు.

8. సిస్టమ్ డిజైన్

ఇక్కడ సరైన సమాధానం అంటూ ఒకటి ఉండదు. అందుకే పెట్టెలు గీసి పేర్లు రాసేస్తే పని అవ్వదు. ప్రతి పెట్టెకూ ఒక కారణం ఉండాలి, ఆ కారణం అంకెల్లోంచి రావాలి.

పొడవైన లింకులను చిన్నవి చేసే సర్వీస్ తీసుకుందాం. మొదట అవసరాలు: లింక్ చిన్నది చేయడం, చిన్నది నొక్కితే అసలు చోటికి పంపడం. ఎన్నిసార్లు నొక్కారో లెక్క కావాలా? కావాలన్నారనుకుందాం. తర్వాత అంకెలు. రోజుకు కోటి కొత్త లింకులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి సెకనుకు సుమారు 116. చదవడం దానికి వంద రెట్లు అనుకుంటే సెకనుకు 11,600. ఒక్కో లింక్‌కి 500 బైట్లు అయితే రోజుకు 5 జీబీ, ఐదేళ్లకు 9 టీబీ పైన. ఈ అంకెలే చెబుతున్నాయి: రాయడం పెద్ద సమస్య కాదు, చదవడానికి క్యాష్ కావాలి, డేటా కొన్ని మెషిన్ల మీద సర్దుకుంటుంది.

చిన్న లింక్‌లో ఎన్ని అక్షరాలు ఉండాలి? ఇంగ్లిష్ పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలిపితే 62 గుర్తులు. ఆరు అక్షరాలతో సుమారు 5,680 కోట్ల లింకులు వస్తాయి. ఐదేళ్లలో మనకు కావాల్సినవి 1,825 కోట్లు. కౌంటర్ పెట్టి వరుసగా ఇస్తే ఆరు చాలు. కానీ అప్పుడు పక్క లింక్ ఏంటో ఎవరైనా ఊహించగలరు. రాండమ్‌గా ఇస్తే చివరికి వచ్చేసరికి ప్రతి మూడింట్లో ఒకటి ఇప్పటికే వాడేసినదై తగులుతుంది. ఏడు అక్షరాలు తీసుకుంటే మొత్తం 3.5 లక్షల కోట్లు దాటుతాయి, అలా తగలడం రెండు వందల్లో ఒకటికి పడిపోతుంది. అందుకే ఏడు. చూడండి, ఒక అక్షరం ఎక్కువా తక్కువా అన్న చిన్న నిర్ణయం వెనక ఎంత మాట్లాడటానికి ఉందో!

దారి మళ్లించడానికి సర్వర్ 301 కోడ్ పంపాలా, తాత్కాలికం అని చెప్పే 302 పంపాలా? 301 శాశ్వతం కాబట్టి బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకోవచ్చు, రెండోసారి మన సర్వర్ దాకా రాకపోవచ్చు. సర్వర్ మీద భారం తగ్గుతుంది, కానీ నొక్కిన లెక్క తప్పిపోతుంది. లెక్క కావాలని మొదట్లో ఒప్పుకున్నాం కాబట్టి 302. మొదట అడిగిన ప్రశ్న చివర్లో నిర్ణయంగా మారడం ఇంటర్వ్యూయర్‌కి కనబడాలి.

లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్ట్‌లను సర్వర్లకు పంచేది), రెప్లికేషన్ (డేటా కాపీలు ఉంచడం), షార్డింగ్ (డేటాను ముక్కలుగా మెషిన్లకు పంచడం), మెసేజ్ క్యూ (పనులను వరుసలో ఉంచి తర్వాత చేయించేది), వీటిలో ఒక్కోటి ఏ నొప్పిని తగ్గిస్తుంది, ఏ కొత్త నొప్పి తెస్తుంది అని జంటగా నేర్చుకోండి. క్యాప్ థియరమ్ పేరు ఎత్తితే దాని అర్థం కూడా చెప్పాలి: మెషిన్ల మధ్య నెట్‌వర్క్ తెగినప్పుడు, పాత డేటా అయినా సరే జవాబు ఇవ్వాలా, లేక సరైనది ఇవ్వలేను అని నిరాకరించాలా అన్నది ఎంచుకోవాలి. ఎరిక్ బ్రూవర్ 2000లో ఈ మాట ముందుకు తెచ్చాడు, 2002లో గిల్బర్ట్, లించ్ దాన్ని నిరూపించారు.

9. మీ గురించి అడిగే ప్రశ్నలు

కోడింగ్‌కి నెలలు కేటాయించి దీనికి ఒక గంట కూడా ఇవ్వరు, అది అన్యాయం. గొడవ పడిన సందర్భం, డెడ్‌లైన్ తప్పిన సందర్భం, మీ నిర్ణయం తప్పని తేలిన సందర్భం, ఎవరికైనా నేర్పిన సందర్భం, చాలా కష్టమైన బగ్, ఇలా ఐదారు నిజమైన సంఘటనలు ముందే రాసి పెట్టుకోండి. ఒక్కోదాన్ని సందర్భం, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం అనే వరుసలో రెండు మూడు నిమిషాల్లో చెప్పండి. "మేము చేశాం" అని మొత్తం చెప్పేస్తే మీరేం చేశారో వాళ్లకు తెలియదు. టీమ్‌కి దక్కాల్సింది ఇస్తూనే మీ వంతు విడిగా చెప్పండి. పాత మేనేజర్ మీద, పాత టీమ్ మీద చాడీలు వద్దు. కథలు కల్పించవద్దు కూడా, రెండో లోతు ప్రశ్నకే బయటపడతాయి.

10. మాక్ ఇంటర్వ్యూలు

అప్పుడప్పుడైనా ఒక స్నేహితుడి ముందు కూర్చుని, టైమర్ పెట్టి, మీరు చూడని ప్రశ్నతో రాయండి. మనిషి దొరక్కపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకుని తర్వాత వినండి. మొదటిసారి వినడం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ ఎక్కడ మౌనంలోకి జారిపోతున్నారో, ఎక్కడ ఒకే మాట తిప్పి తిప్పి చెబుతున్నారో స్పష్టంగా తెలుస్తుంది. వంతు మార్చి మీరు ఇంటర్వ్యూయర్‌గా కూడా కూర్చోండి. ఎదుటివాళ్లు అడగకుండా కోడ్‌లోకి దూకితే మీకే చిరాకు వేస్తుంది, ఆ చిరాకు గుర్తుండిపోతుంది.

ఏఐ అసిస్టెంట్‌ను సాధనలో వాడుకోవచ్చు. సొల్యూషన్ అడగకుండా "నువ్వు ఇంటర్వ్యూయర్‌వి, ఒక్కో సూచన మాత్రమే ఇవ్వు, నా కోడ్‌లో తప్పు ఉంటే ఏ లైనో చెప్పకుండా ఏ ఇన్‌పుట్‌కి తప్పుతుందో చెప్పు" అని అడిగితే మంచి సాధన అవుతుంది. అసలు ఇంటర్వ్యూలో మాత్రం వాళ్లు అనుమతిస్తేనే వాడండి. చాటుగా వాడటం మోసం. ఉద్యోగం వచ్చినా మొదటి వారం నుంచే భయంతో బతకాల్సి ఉంటుంది.

11. వారాల లెక్క

ఉద్యోగం చేస్తూ సిద్ధమయ్యేవాళ్లకు ఎనిమిది వారాలు అనుకుంటే: మొదటి మూడు వారాలు అర్రేల నుంచి ట్రీల దాకా, తర్వాతి రెండు గ్రాఫులు, హీప్, బ్యాక్‌ట్రాకింగ్. ఆరో వారం డైనమిక్ ప్రోగ్రామింగ్, డేటాబేస్. ఏడు సిస్టమ్ డిజైన్‌కి, ఎనిమిది పూర్తిగా మాక్‌లకూ పాత తప్పుల నోట్‌బుక్‌కీ. రోజుకు గంటన్నర చాలు, రోజూ కూర్చుంటే. ఆదివారం ఒక్కరోజే పది గంటలు కూర్చోవడం దీనికి సాటిరాదు. ఎక్కువ ఇష్టమైన కంపెనీ ఇంటర్వ్యూను మొదటిదిగా పెట్టుకోకండి. దానికి ముందు మీరు నిజంగా చేరడానికి సిద్ధంగా ఉన్న ఇంకో రెండు చోట్ల రౌండ్లు అయితే గొంతు స్థిరపడుతుంది.

12. ఆ రోజు, ఆ తర్వాత

ముందు రోజు కొత్త టాపిక్ ముట్టుకోకండి. నోట్‌బుక్ తిరగేసి, సులువైన ఒక ప్రాబ్లమ్ రాసి, నిద్రపోండి. కెమెరా, మైక్, ఇంటర్నెట్, స్క్రీన్ షేర్ ముందే చూసుకుని, నెట్ పోతే వాడటానికి ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచండి. పక్కన కాగితం, పెన్ను, నీళ్లు ఉండనివ్వండి. చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడు లేవనకండి: కోడ్ రివ్యూ ఎలా జరుగుతుంది, ప్రొడక్షన్‌లో సమస్య వస్తే రాత్రి ఎవరు చూస్తారు, కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలల్లో ఏం అప్పగిస్తారు. ఈ జవాబులు మీకు అవసరం, ఎందుకంటే రేపు అక్కడ పనిచేయాల్సింది మీరే.

ఇంటర్వ్యూ ముగియగానే, వేడి తగ్గకముందే, ఏం అడిగారు, ఎక్కడ ఆగారు రాసి పెట్టుకోండి. రాని ప్రశ్నను ఆ సాయంత్రమే పూర్తి చేయండి. కాదని మెయిల్ వస్తే మర్యాదగా ఫీడ్‌బ్యాక్ అడగండి. చాలా కంపెనీలు ఇవ్వవు, కొందరు రిక్రూటర్లు ఒక మాట చెబుతారు. చాలాచోట్ల కొన్ని నెలల తర్వాత మళ్లీ ప్రయత్నించొచ్చు, ఆ గడువు ఎంతో అడిగి పెట్టుకోండి. ఔనని వస్తే ఫోన్‌లోనే వెంటనే ఒప్పుకోకుండా, వివరాలు రాతపూర్వకంగా పంపమనండి. జీతంలో స్థిరమైన భాగం ఎంత, బోనస్, షేర్లు ఏ షరతుల మీద, ఎంత కాలానికి వస్తాయో విడివిడిగా చూసుకోండి. ఇంకోచోట రౌండ్లు నడుస్తుంటే ఆ మాట నిజాయితీగా చెప్పి గడువు అడగండి. సంతకం అయిన ఆఫర్ లెటర్ చేతిలో పడి, చేరే తేదీ ఖరారైన తర్వాతే ఇప్పటి ఉద్యోగంలో రాజీనామా పెట్టండి.